పీలిక కట్టిన మొక్క

కింద వీధిలో చెత్త ఆటో పాట వినిపించగానే కావ్య మిద్దె మీద నుంచి ఒక్కటే పరుగు. ఒక చేతిలో తడి చెత్త బకెట్. ఇంకో చేతిలో తనకంటే పొడుగున్న ఎండు మొక్క. మెట్లన్నీ దడదడా దిగి, చెత్త, మొక్క రెండూ ఆటోలో పడేసి, చేతులు దులుపుకుంది.

"హమ్మయ్య! ఇప్పుడు మిద్దె నీట్‌గా ఉంది" అనుకుంది.

రెండో శనివారం కాబట్టి స్కూలు లేదు. కింది ఇంట్లో ఉండే అభిషేక్ ఫోన్ పట్టుకుని పైకి వచ్చాడు. ఇద్దరిదీ ఐదో తరగతే. వచ్చే శనివారం స్కూల్లో సలాడ్ డే. ఎవరి పెట్టెలో వాళ్లు ఆకులు పెంచి తేవాలి. శుభ్రంగా, అందంగా ఉన్న పెట్టెను ఆఫీసు ముందు పేరు రాసి పెడతామని సంధ్య మిస్ చెప్పింది. అప్పటినుంచి కావ్యకు నిద్రలో కూడా ఆ పేరు పలకే కనిపిస్తోంది.

ఆమె తెల్లటి థర్మాకోల్ పెట్టెలో లెట్యూస్ వేసింది. ఆకులు కుచ్చులు కుచ్చులుగా, లేత పచ్చగా లేచాయి. వాటిని చూసినప్పుడల్లా అవ్వ శాంతమ్మ నవ్వేది.

"ఏమమ్మీ, ఈ ఆకు మనుషులు తినే సొప్పా, కుందేళ్లు తినేదా?"

"అవ్వా! హోటల్లో ప్లేటు రెండొందలు!"

"అయితే హోటలాయన తెలివైనోడే అప్పా" అనేది అవ్వ.

అభిషేక్ ఫోటో తీశాడు. "సూపర్! పోయిన వారం ఫోటోలో వెనకాల ఏదో ఎండు పుల్ల కనిపించింది కదా, అది ఏది?"

"పీకేసినా" అంది కావ్య గర్వంగా.

మధ్యాహ్నం అవ్వ బెంగళూరు పక్కన హొసకోటెలోని తన చెల్లెలి ఇంటినుంచి వచ్చింది. కాఫీ కూడా తాగకుండా నేరుగా మిద్దె ఎక్కింది. ఒక నిమిషం తరువాత పైనుంచి గొంతు వినిపించింది.

"కావ్యా! నా దంటు ఏడుండాది?"

కావ్య పైకి వెళ్లింది. లెట్యూస్ పెట్టె పక్కన, అవ్వ దంటు తోటకూర పెంచే పెద్ద కుండీ ఖాళీగా ఉంది. అవ్వ దాని ముందు నిలబడి ఉంది. ఆ వీధిలోకి అప్పుడప్పుడూ కోతులు వస్తాయి. ఆ మాట కావ్య నాలుక చివరిదాకా వచ్చింది.

"కోతులు..." అని మొదలుపెట్టింది. అవ్వ ముఖం చూసి ఆగిపోయింది. "కోతులు కాదవ్వా. నేనే పీకేసినా. ఎండిపోయింది కదా అని."

"ఎండిపోలేదమ్మీ. గింజ పట్టింది. దానికి నా చీర పీలిక కట్టింటి గదా, చూడలేదా?"

"చూసినా. దండెం మీదనుంచి ఎగిరొచ్చి చుట్టుకుందనుకున్నా."

అవ్వ మెల్లగా గచ్చు మీద కూర్చుంది. "గింజకు విడిచిన చెట్టుకు పీలిక కడతాం. పీలిక ఉంటే దాన్ని ఎవురూ తుంచరు, పీకరు. వర్తూరులో మా పుట్టింటి చేలో చిన్న పిల్లోళ్లకు కూడా తెలుసు."

"అంగడిలో గింజలు కొనుక్కొస్తా అవ్వా! ఇప్పుడే పోతా!"

"అంగడిలో దంటు దొరుకుతాది. మా చేలో దంటు దొరకదు." అవ్వ ఖాళీ కుండీలో మట్టిని అరచేత్తో సర్దింది. "నా పెళ్లప్పుడు మా అమ్మ కొంగులో ముడేసి ఇచ్చిన గింజ అది. ఏటా ఒక చెట్టును విడిచిపెడతా. ఆ చేలో ఇప్పుడు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచినాయి. గింజ ఒక్కటే మిగిలింది."

"డబ్బాలో కొన్ని దాచి ఉంటావు కదా?"

"లేదు. కొత్త గింజ వస్తాది గదా అని ఉన్నదంతా చల్లేసి సొప్పు కోసేస్తి."

కావ్య ఒక్క ఉదుటున గేటు దాకా పరుగెత్తింది. ఆటో వెళ్లిపోయి అప్పటికే ఆరు గంటలు గడిచిపోయాయి. అది తనకూ తెలుసు. అయినా పరుగెత్తింది.

అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆదివారం, సోమవారం, మంగళవారం అవ్వ అన్నం పెట్టింది, జడ వేసింది, కానీ కుందేళ్ల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. లెట్యూస్ మీద వెక్కిరింత లేకపోతే ఆ ఇల్లు ఇల్లులా లేదు.

గురువారం సాయంత్రం కావ్య పెట్టెకు నీళ్లు పోస్తుంటే, లెట్యూస్ మొక్కల మధ్య మట్టిలో ఏవో కనిపించాయి. ఆవగింజకంటే కొంచెం పెద్దగా, ఎర్రగా, రెండేసి ఆకులు. ఒకటి కాదు, పది, పన్నెండు.

"కలుపు!" అన్నాడు అభిషేక్. "పీకెయ్. ఎల్లుండే కదా సలాడ్ డే. పెట్టె శుభ్రంగా లేకపోతే మార్కులు పోతాయి."

కావ్య రెండు వేళ్లతో ఒక మొలకను పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆగింది. తరువాత వేళ్లు తీసేసింది.

"ఒక్క నిమిషం ఉండు" అని మెట్ల దగ్గరకు పోయి గట్టిగా పిలిచింది. "అవ్వా! ఇదేందో చూసి చెప్పు! నేను ఏమీ పీకలేదు!"

అవ్వ వచ్చింది. కళ్లజోడు సర్దుకుంది. పెట్టెమీదికి వంగింది. ఎంతసేపు వంగిందంటే, నడుము పట్టేసిందేమోనని అభిషేక్ భయపడ్డాడు.

"అయ్యో నా బంగారు తల్లీ!" అని అవ్వ ఒక్కసారిగా కావ్యను వాటేసుకుంది. "నా దంటు! నువ్వు పీకేటప్పుడు గింజలు రాలి దీంట్లో పడినాయి!"

ముగ్గురూ మిద్దె మీద గంతులు వేశారు. నిజానికి గంతులు వేసింది ఇద్దరే. అవ్వ చప్పట్లు కొట్టింది.

ఆ సంబరం సగంలో ఉండగానే కావ్యకు ఒక విషయం గుర్తొచ్చింది. "అవ్వా, వీటిని ఇప్పుడే కుండీలోకి మార్చొచ్చా?"

"మారిస్తే చస్తాయి. వేళ్లు ఇంకా దారం మాదిరి ఉండాయి. నాలుగాకులు వచ్చేదాకా కదపకూడదు."

"స్కూల్ బస్సులో తీసుకుపోతే?"

మన బెంగళూరు రోడ్ల మీద స్కూల్ బస్సు ఎలా ఎగిరెగిరి పడుతుందో అవ్వకూ తెలుసు. "పెట్టె నీది అమ్మీ. నీ ఇష్టం" అంది.

కావ్య లెట్యూస్ వైపు చూసింది. నలభై రోజులు పెంచింది. ఆఫీసు ముందు పేరు పలక కళ్లముందు మెదిలింది. శుక్రవారం రాత్రి అవ్వ చెవిలో ఏదో చెప్పింది.

శనివారం పొద్దున్నే కత్తెర తీసుకుని మిద్దె ఎక్కింది. ఎర్ర మొలకలకు తగలకుండా, లెట్యూస్ ఆకులను ఒక్కొక్కటే కోసింది. ఒక్క మొక్కను మాత్రం ముట్టుకోలేదు. పెట్టె ఉన్నచోటే ఉంది.

వంటింట్లో అవ్వ నానబెట్టిన పెసరపప్పు వార్చి సిద్ధంగా ఉంచింది. ఆకులు తరిగి, కొబ్బరి తురుము, నిమ్మరసం కలిపి, ఆవాలు చిటపటమనేలా తిరగమోత పెట్టింది. లెట్యూస్ కోసంబరి! అవ్వ ఒక చెంచా నోట్లో వేసుకుంది.

"కుందేళ్లు అదృష్టవంతులే" అంది. కావ్యకు ప్రాణం లేచొచ్చింది.

స్కూల్లో బల్లల మీద పెట్టెలు వరసగా ఉన్నాయి. కావ్య ముందు స్టీలు డబ్బా ఒక్కటే ఉంది.

"నీ పెట్టె ఏది కావ్యా?" అంది సంధ్య మిస్.

"ఇంట్లో ఉంది మిస్. అందులో మా అవ్వ గింజలు మొలిచినాయి. కదిలిస్తే చచ్చిపోతాయి."

మిస్ కోసంబరి తిన్నది. ఇంకోసారి పెట్టించుకుంది. డబ్బా పది నిమిషాల్లో ఖాళీ అయింది. ఆఫీసు ముందు మాత్రం అభిషేక్ మెంతికూర పెట్టె పెట్టారు. కావ్యకు కొంచెం బాధ కలిగింది. కొంచెమేమిటి, బాగానే కలిగింది. అయినా చప్పట్లు కొట్టింది.

మూడు నెలలు గడిచాయి. పెద్ద కుండీలో దంటు ఎర్రటి కాడతో కావ్య భుజం దాకా పెరిగింది. కోయకుండా వదిలిన లెట్యూస్ కూడా పొడుగ్గా సాగింది. అడుగు ఆకులు ఎండాయి, పైన చిన్న పసుపు పూలు వాడిపోయి దూదిలా విచ్చుకుంటున్నాయి. చూడటానికి అస్సలు బాగాలేదు.

"కావ్యా, రేపు చుట్టాలు వస్తున్నారు. ఆ ఎండుపుల్ల పీకెయ్" అంది అమ్మ బట్టలు ఆరేస్తూ.

"వద్దమ్మా! గింజ పడుతోంది!"

అంటూనే కావ్య తన కుడివైపు జడ విప్పింది. స్కూలు ఎర్ర రిబ్బను లాగి, లెట్యూస్ కాడకు రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. ఒక జడతో, ఒక పక్క విరబోసుకున్న జుట్టుతో కిందికి దిగింది.

కాసేపటికి అవ్వ పైకి వచ్చింది. రిబ్బను చూసింది. ముడి కొంచెం వదులుగా ఉందని, వంగి గట్టిగా బిగించింది.