బతికున్న రాజమణిని సంపిన నాటకం

"ఏమయ్యా సిద్దిరాములూ, ఎవర్ని అడిగి మా పెద్దమ్మను సంపినవ్?"

అప్పుడే తెర పడ్డది. నేనింక సీరల్నే ఉన్న, పెదాల రంగు గూడ తుడుసుకోలే. నందికొండల డ్యామ్ కడుతున్న ఆఫీసుల టైపిస్టును నేను. మా కాలనీల 'నటి రాజమణి జీవితం' అని నాటకం పెట్టిండ్రు. ఏ ఇంటోళ్లు ఆడపిల్లను స్టేజీ ఎక్కనియ్యరు గద, రాజమణి వేషం నా నెత్తిన పడ్డది. దానికోసం మీసం గూడ తీసిన.

తిడుతున్నది ఆండాళు, మా కాలనీ బడి టీచరు. ఎన్నాళ్ల సందో దొంగచూపులు చూస్తున్న. తొలిసారి మాట్లాడింది, గిట్లనా!

"రాజమణి మీ పెద్దమ్మనా?"

"అవు! మక్తల్ల జొన్నరొట్టె తినుకుంట నిమ్మళంగున్నది. నువ్వేమో మొగని కాళ్ల మీద పడి, ఏడ్సి, ఇసం తాగి సస్తివి!"

"వెంకటయ్య సారు గట్లనే రాసిండు. ఏడిపియ్యకుంటే జనం రారట."

"నాటకం ఇడువుమంటే మొగన్నే ఇడిసిన మనిషి ఆమె! తండ్రి పోతే తీసే మీసం, మీ బాపు బతికుండంగనే తీసినవ్. మా పెద్దమ్మను బతికుండంగనే సంపినవ్. బతికున్నోళ్లంటే నీకేం పగయ్యా?"

నాకు ఒళ్లు మండింది. మీసం గురించి మా అవ్వ రోజూ తిడుతనే ఉన్నది, ఇప్పుడు ఈమె గూడనా! కని ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?

"రేపటి ఆటకు పెద్దమ్మ వస్తాంది. సిగ్గుంటే ఆలోచించు," అని గిర్రున తిరిగి పోయింది.

వెంకటయ్య సారును బతిమాలిన. "ఒక్క మాట మారిస్తే నీకు మళ్ల వేషమే లేదు," అన్నడు.

తెల్లారి ఆట. ముందు వరుసల ఆండాళు, పక్కన నెరిసిన తలతోని రాజమణమ్మ. మొగని వేషం కట్టిన బిక్షం కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడ్డడు. నేను వంగిన. వంగంగనే ఆ పెద్దామె మొకం పక్కకు తిప్పుకున్నది.

లేచి నిలబడ్డ.

"నాటకం ఇడువుమంటవా? నిన్నే ఇడుస్తున్న, పో!"

బిక్షం నోరు తెరిసిండు. తెర ఎనక సారు ఇసం సీసా పట్టుకొని పండ్లు కొరుకుతున్నడు. జనమైతే ఒకటే చప్పట్లు.

ఆట అయినంక రాజమణమ్మ లోపలికొచ్చి నన్ను కిందికి మీదికి చూసింది. "కుచ్చిళ్లు పాడుగున్నయ్ గని, మాట నాదే బిడ్డా," అన్నది.

ఇగ ధైర్యం చేసిన. "ఆండాళూ, నువ్వంటే నాకు పానం. కాళ్లు పట్టుకోవాల్నా?"

"పట్టుకుంటే తంత! నిలబడి అడుగు."

"నిలబడే అడుగుతున్న గద!"

"గీ సీరల గాదు." నవ్వు ఆపుకోలేకపోయింది. "మీసం రానియ్యి. మీ బాపును తోలుకొని మక్తల్ రా."

పెద్దమ్మ తల ఊపింది.

అప్పటిసంది అద్దం ముంగటనే ఉన్న. వేషమప్పుడు పొద్దున గీకితే మాపటికల్లా మొలిసిన మీసం! గిప్పుడేం రోగమొచ్చింది దీనికి?