అరవై రెండు, ఊఁ, అరవై మూడు

మధ్యాహ్నం రెండు దాటింది. ఆ రోజు బస చేయాల్సిన బడి గేటు దగ్గరకు అందరికంటే చివర చేరింది గంట.

ఆమె అసలు పేరు రిజిస్టర్లోనే ఉంటుంది. మూడేళ్ళప్పుడు నాన్న సైకిల్ బెల్లు పట్టుకుని వదలకపోవడంతో ఇంటిల్లిపాదికీ గంట అయిపోయింది. ఇప్పుడు పదకొండేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు.

నాలుగు రోజుల సైకిల్ టూరులో ఇది రెండో రోజు. పన్నెండు మంది, పన్నెండు సైకిళ్ళు, సామాను మోయడానికి ఒక వ్యాను, ఒక కుక్క. కుక్క పేరు మసి. పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉంటుంది. అది గంట సైకిల్ వెనక క్యారియర్‌కు కట్టిన ప్లాస్టిక్ బుట్టలో, పాత దుప్పటి మీద కూర్చుని ప్రయాణం చేస్తోంది.

గేటు దగ్గర లెక్కల టీచరు కాగితం పట్టుకుని నిలబడ్డారు. టూరుకు ఆవిడే లీడరు.

"పన్నెండు," అని టిక్కు పెట్టారు. "గంటా, రూలు గుర్తుందిగా?"

"ఉంది టీచర్."

ఎందుకు గుర్తుండదు? బయలుదేరే ముందే చెప్పారు. వరసగా రెండు రోజులు గంట చివర వస్తే, మిగతా దారంతా మసి వ్యానులో రావాలి. ఒక్క కుక్క కోసం పదకొండు మంది ఎదురుచూడలేరు.

మసికి వ్యానంటే వణుకు. రెండేళ్ళ కిందట ఎవరో దాన్ని వ్యానులోంచి దింపి, రోడ్డు మీద వదిలేసి పోయారు. ఇప్పటికీ వ్యాను తలుపు జరిగిన చప్పుడు వింటే ఆ పూట తిండి ముట్టదు. "నిన్నింకెప్పుడూ వ్యాను ఎక్కించను" అని గంట దానికి మాటిచ్చింది. మసికి ఆ సంగతి గుర్తుందో లేదో కానీ, గంటకు గుర్తుంది.

సైకిల్ స్టాండు వేసి వెనక టైరును బొటనవేలితో నొక్కింది. వేలు కొంచెం దిగింది. నిన్న సాయంత్రం ఇది రాయిలా ఉంది. గంట తన చేత్తో ఎనభైసార్లు పంపు కొట్టింది. చుట్టూ ఎవరు ఏం మాట్లాడుతున్నా లెక్క వదల్లేదు. పొద్దున లేచేసరికి ఇలా మెత్తబడింది. ట్యూబుకు చిల్లు ఉంటే ఈపాటికి పూర్తిగా దిగిపోవాలి కదా?

ఎవరో కావాలనే గాలి తీశారు. నేను వెనకబడాలని. మసిని వ్యాను ఎక్కించాలని.

వరండా మెట్టు మీద కూర్చుని నోటుబుక్కు తీసింది. "అనుమానం" అని పైన రాసి కింద గీత గీసింది.

పిన్ని? పిన్ని నర్సు. గంటను ఈ టూరుకు తీసుకొచ్చిందే తను. కొట్టేసింది.

టీచరుగారబ్బాయి? వాణ్ణి అందరూ రేడియో అంటారు. ఏ పని చేసినా ముందు నలుగురికీ చెప్పి గానీ చేయడు. వాడి పేరూ కొట్టేసింది.

అప్పుడే వరండా చివర డ్రైవరు తాతయ్య కనిపించాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు అందరిలాగే సైకిల్ మీద వస్తున్న మనిషి. మాట తక్కువ. మొదటిరోజు మసిని చూసి, "కుక్కతో సైకిల్ టూరేమిటమ్మా" అన్నది ఆయనే. ఇప్పుడు మసి ఆయన ముందు కూర్చుని తోక ఆడిస్తోంది. ఆయన జేబులోంచి బిస్కెట్టు తీసి పెడుతున్నాడు.

లంచం, అనుకుంది గంట. అందుకే గాలి తీసేటప్పుడు మసి మొరగలేదన్నమాట. పేరు రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.

సాయంత్రం హాల్లో బెంచీలు గోడవారకు జరిపి అందరూ గుండ్రంగా కూర్చుని తింటున్నారు. గంట గొంతు సవరించుకుంది.

"మన సైకిళ్ళను ఎవరో ముట్టుకుంటున్నారు," అంది. అని, ఒక్కొక్కరి మొహం చూసింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డ్రైవరు తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"నీ సైకిలెవరికి కావాలే?" అన్నాడు రేడియో నోట్లో ముద్దతోనే. "దాని నిండా కుక్క వెంట్రుకలే."

"నిన్నడగలేదు." గంట తాతయ్య వైపు తిరిగింది. ఆయన చొక్కా జేబులో సన్నటి వెండిరంగు పెన్ను ఒకటి మెరుస్తోంది. "తాతయ్యా, ఒకసారి మీ పెన్నిస్తారా? రాసుకోవాలి."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇది రాసే పెన్ను కాదమ్మా."

రాయని పెన్ను జేబులో ఎందుకు?

మూడో రోజు ఇంకా సరిగ్గా తెల్లవారకముందే లేచి, వరండా స్తంభం వెనక నక్కింది. సైకిళ్ళన్నీ వరసగా ఉన్నాయి. కాసేపటికి తాతయ్య వచ్చాడు. ఒక్కో టైరునూ బొటనవేలితో నొక్కుకుంటూ పోతున్నాడు. గంట సైకిల్ దగ్గర మాత్రం గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి ఆ పెన్ను తీసి వెనక టైరు వాల్వుకు ఆనించాడు.

సుస్స్.

గంట అరుద్దామనుకుంది. కానీ ఆయన పెద్దాయన, తను చిన్నపిల్ల. ఎవరు నమ్ముతారు? ఆయన వెళ్ళేదాకా ఆగి పంపు తెచ్చింది. ఇరవై కొట్టింది. మనసొప్పక ఇంకో ఇరవై కొట్టింది. టైరు మీద వేలు కాదు కదా, గోరు కూడా దిగలేదు.

"ఇప్పుడు చూద్దాం," అంది మసితో.

పొద్దున తారు రోడ్డు మీద సైకిల్ బాణంలా పోయింది. పదింటికల్లా తారు అయిపోయి కంకర మొదలైంది, అదీ దిగుడు. చక్రం రాయి మీద పడ్డప్పుడల్లా బుట్ట ఎగిరెగిరి పడుతోంది. మసి ఒకసారి కుయ్యిమంది. ఆ తర్వాత ఆగకుండా మూలగసాగింది.

నిన్న తిన్న బిస్కెట్లలో ఏం కలిపాడో, అనుకుంది గంట. దిగి టైరు నొక్కింది. గట్టిగానే ఉంది. వెనక్కి చూసింది. తాతయ్య వస్తున్నాడు. మళ్ళీ ఎక్కింది. కొంచెం దూరం పోయి మళ్ళీ దిగి నొక్కింది.

దిగుడు సగంలో ఒక పెద్ద రాయి మీదకు ఎక్కింది చక్రం. బుట్ట అడుగు నుంచి గట్టి దెబ్బ తగిలినట్టయింది. మసి ఒక్క దూకు దూకి కంకరలో పడింది. లేచి మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ పక్కనున్న పొదల్లో దూరింది.

"మసీ!"

సైకిల్ వదిలేసి పరుగెత్తింది. పిలిచింది, బతిమాలింది. అది పొద లోపల ముడుచుకుని ఆమెను చూస్తోంది కానీ రావడం లేదు. గంట వంక అలా చూడటం అదే మొదటిసారి.

పిన్ని, రేడియో, తాతయ్య సైకిళ్ళు ఆపారు. తాతయ్య మోకాళ్ళ మీద వంగి, "రారా నల్లోడా" అని అరచెయ్యి చాపాడు. మసి నెమ్మదిగా పాక్కుంటూ ఆయన చేతిలోకి వచ్చింది.

అది గంట భరించలేకపోయింది.

"దాన్ని వదలండి," అంది. "మీరే. రోజూ నా టైరులో గాలి తీస్తున్నది మీరే. పొద్దున నా కళ్ళతో చూశాను. మసిని వ్యాను ఎక్కించాలని మీ ప్లాను."

"గంటా," అంది పిన్ని. "పెద్దవాళ్ళతో ఏమిటా మాటలు?"

"నిజమే పిన్నీ. కావాలంటే అడుగు."

తాతయ్య మసిని పిన్నికి అందించాడు. లేచి, పడి ఉన్న సైకిల్ నిలబెట్టి వెనక టైరును బొటనవేలితో నొక్కాడు. అది రాయిలా ఉందని తెలిసి ఆయన మొహం చిన్నబోయింది.

"నేనే తీశాను," అన్నాడు. "మొదటిరోజు సాయంత్రం నీకు చెప్పాను కదా తల్లీ. వెనక చక్రం మీద బరువుంది, రేపటినుంచి కంకర దారులు, టైరు రాయిలా ఉంటే ఆ దెబ్బలన్నీ కుక్కకే తగులుతాయి, రోజూ పొద్దున దారిని బట్టి కొంచెం తగ్గిస్తాను, తగ్గించనా అని. నువ్వు ఊఁ అన్నావు."

"నేననలేదు," అంది గంట వెంటనే.

అని ఆగిపోయింది.

మొదటిరోజు సాయంత్రం. చేతిలో పంపు. పక్కన ఎవరివో పాతచెప్పులు. పైనుంచి ఒక మెల్లటి గొంతు. అరవై ఒకటి, అరవై రెండు, ఊఁ, అరవై మూడు. గొంతు ఇంకా ఏదో అడుగుతోంది. ఊఁ, ఊఁ, అరవై నాలుగు.

"మరి నిన్న నేను చివర..." అంది.

"నిన్న పదకొండుసార్లు దిగి టైరు నొక్కావు," అన్నాడు రేడియో. "ఇవాళ తొమ్మిది. నేను లెక్కపెట్టా. ఎందుకు నొక్కుతున్నావని అరిచి మరీ అడిగా. ఊఁ అని వెళ్ళిపోయావు."

పిన్ని మసి కాలు వేళ్ళతో తడిమి చూసింది. "విరగలేదు. బెణికింది," అంది. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది గంటకు.

తాతయ్య ఆ పెన్నును జేబులో లోపలికంటా దోపుకున్నాడు.

"ఇకమీదట నీ సైకిల్ ముట్టుకోను తల్లీ," అన్నాడు. కోపంగా అనలేదు.

రేడియోను తీసుకుని పిన్ని ముందు వెళ్ళింది, టీచరుకు సంగతి చెప్పాలని. మసి మళ్ళీ బుట్ట ఎక్కలేదు. గంట దాన్ని ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో సైకిల్ నడిపించుకుంటూ దిగుడంతా దిగింది. కొంచెం గాలి తీయమని అడుగుదామని నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ మూసేసింది. తాతయ్య పదడుగుల వెనక తన సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. మసి ఆమె భుజం మీదుగా ఆయన్ను చూస్తూ తోక ఆడిస్తోంది.

బస దగ్గరకు చేరేసరికి మూడున్నర. ఈసారి అది ఒక పాత గోడౌను. గేటు పక్కనే వ్యాను ఆగి ఉంది. దాన్ని చూడగానే మసి గంట మెడ కింద తల దూర్చేసింది. టీచరు కాగితం పట్టుకుని నిలబడే ఉన్నారు.

గంట గేటు బయటే ఆగిపోయింది. మాటిచ్చాను కదా, ఇప్పుడెలా?

"నువ్వు పద," అన్నాడు వెనకనుంచి తాతయ్య. "నేను లేసు కట్టుకుని వస్తాను."

గంట గేటు దాటింది. టీచరు ఆమె వైపు చూశారు. వ్యాను వైపు చూశారు.

"గంటా, నువ్వు చివర రావడం వరసగా ఇది రెండో రోజు. నాకూ బాధగానే ఉంది, కానీ మాటంటే మాటే."

"చివర వచ్చింది నేను టీచరమ్మా," అన్నాడు తాతయ్య గేటు దాటుతూ. "పన్నెండో టిక్కు నాది."

గంట వెనక్కి తిరిగి చూసింది. తాతయ్య కాళ్ళకున్నవి తోలు చెప్పులు. వాటికి లేసులే లేవు.

టీచరు కూడా ఆ చెప్పుల వైపు చూశారు. కాసేపు చూశారు. తర్వాత కాగితం మీద వంగి, "పదకొండు, గంట. పన్నెండు, డ్రైవరుగారు," అని రెండు టిక్కులు పెట్టారు. "లెక్క సరిపోయింది."

వ్యాను తలుపు తెరుచుకోలేదు.

నాలుగో రోజు. గోడౌను ముందు సిమెంటు అరుగు మీద సైకిళ్ళు వరసగా ఉన్నాయి. గంట ముందే లేచి, పంపు పట్టుకుని తన సైకిల్ పక్కన కూర్చుంది. ఈసారి ఎక్కడా దాక్కోలేదు.

తాతయ్య వచ్చాడు. మొదటి సైకిల్ టైరు నొక్కాడు. రెండోది నొక్కాడు. అలా వస్తూ వస్తూ గంట సైకిల్ దగ్గరకు వచ్చి, దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళాడు.

గంట బెల్లు మోగించింది. ఒక్కసారే.

ఆయన తిరిగి చూశాడు.

"తాతయ్యా, నాదొకటి మిగిలిపోయింది."

"నీ సైకిల్ ముట్టుకోనన్నానుగా."

"అడగాల్సింది నేను," అంది గంట. తల వంచుకుని, పంపు పిడి తిప్పుతూ అంది. "మీరేదో కుట్ర చేస్తున్నారని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ కాగితం చించేశాను. అలా అనుకోవడం నా తప్పు. మొదటిరోజు మీరు చెప్పింది మళ్ళీ చెప్తారా? అప్పుడు నేను వినలేదు."

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చున్నాడు.

"తప్పు నాదీ ఉందిలే," అన్నాడు. "నువ్వు చూస్తుండగా తీయాల్సింది. నా బస్సయితే ఎవర్నీ అడగక్కర్లేదు. ఇది నీ సైకిలాయె."

జేబులోంచి ఆ పెన్నులాంటిది తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని చివర గీతలు, అంకెలు ఉన్నాయి. గాలి ఎంతుందో చూసి, ఎక్కువైతే కొంచెం తీసే సాధనం.

మసి కుంటుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా పడుకుంది.

తాతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఏదైనా చెప్పడం మొదలుపెడితే చాలాసేపు పడుతుందని అప్పుడే తెలిసింది. ఇవాళ ముందు వంతెన వస్తుందట, దాని మీద అతుకులుంటాయట. తర్వాత ఎండలో తారు వేడెక్కుతుందట, వేడికి టైరులో గాలి ఇంకా బిగుసుకుంటుందట. మధ్యలో ఒక బస్సు కథ, ఆ బస్సులో ఒక కోళ్ళ గంప కథ కూడా వచ్చాయి.

లోపల్నుంచి రేడియో, అందరూ దుప్పట్లు మడవాలట, టైమైపోతోందట అని అరుస్తున్నాడు. గంట చేతులు ఊరుకోవడం లేదు. టైరు నొక్కాలనిపించింది, పంపు సర్దాలనిపించింది.

పంపు తీసి దూరంగా పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహం వైపే చూస్తూ కూర్చుంది.

కోళ్ళ గంప కథ అయింది. గాలి సంగతి అయింది. "ఇంతేనమ్మా, అర్థమైందా?" అని తాతయ్య ఆగాడు.

అప్పుడు, "ఊఁ," అంది గంట.