రెండు లీటర్లు

"ఆ కారు సాయంత్రం నాలుగింటిలోపు ఎయిర్‌స్ట్రిప్ చేరకూడదు. చేరిందంటే మన నౌకాదళం సంకేతాలన్నీ సముద్రం దాటినట్టే."

చీఫ్ హాలొరన్ పొద్దున ఫోన్లో చెప్పింది ఇంతే. పెట్టేసే ముందు ఇంకో హెచ్చరిక చేశాడు. కారులో వెస్నా ఉంటుంది. రెండేళ్లు మనకి పనిచేసిన మనిషి, నెల రోజులుగా జవాబు లేదు, పక్షం మార్చిందనే అనుకొమ్మన్నాడు.

ఏజెంట్ నోలన్ టీగ్ మూడు రోజులుగా ఆస్ట్రేలియా ఎడారిలో, కూబర్ పీడీ ఊరికి ఉత్తరాన, హైవే పక్కనున్న రేకుల షెడ్డులో గేర్‌బాక్స్ మెకానిక్ వేషం కడుతున్నాడు. నిజానికి అది పూర్తిగా వేషం కాదు. ఈ ఉద్యోగంలోకి రాకముందు అతను తిన్న తిండి ఆ పనిదే.

మూడింటికి తెల్ల స్టేషన్ వాగన్ మూలుగుతూ వచ్చి షెడ్డులో ఆగింది. ముందు విదేశీ ముఠా నాయకుడు డోర్న్ దిగాడు, వెనకే వెస్నా. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, ఎడారంతా దాటొచ్చినా దుమ్మంటని సిల్కు స్కార్ఫు. డోర్న్ షట్టర్ దించి తాళం వేశాడు. టీగ్ జేబులోని టార్చి లాగి, దాని అడుగున దాచిన ట్రాన్స్‌మిటర్ని బూటుకింద నలిపేశాడు. వీళ్ల కంటపడకుండా సాయం పిలవడానికి టీగ్‌కి ఉన్న దారి అదొక్కటే.

"నువ్వెవరో తెలుసు. పని వచ్చనీ తెలుసు," అన్నాడు డోర్న్ పిస్తోలు తీసి. "బండి మూడో గేరులో ఇరుక్కుంది, అరవై దాటట్లేదు. ఎయిర్‌స్ట్రిప్ ఇంకా ఎనభై కిలోమీటర్లు. పది నిమిషాల్లో బాగుచేస్తే మాతో వస్తావు. లేదంటే ఇక్కడే ఉండిపోతావు."

వెస్నా నవ్వింది. "మా నాన్న ముప్పై ఏళ్లు కూబర్ పీడీలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులే విప్పాడు గురూ. నేను ఆయన షెడ్డులోనే పెరిగాను. నీ వేషాలు నా దగ్గర సాగవు."

టీగ్ కారుకింద దూరాడు. జబ్బు వెంటనే దొరికింది. మట్టిరోడ్డు కుదుపులకి గేర్‌బాక్స్ పక్కనున్న వైర్ల ప్లగ్గు ఊడి వేలాడుతోంది. నొక్కితే అరనిమిషం పని. నొక్కకపోతే తూటా, నొక్కితే దేశానికి ద్రోహం. పళ్లు కొరుక్కుంటూ నొక్కాడు.

బయటికొచ్చి గేర్‌బాక్స్ నూనె కొలిచే డిప్‌స్టిక్ తీశాడు. తుడిచి, ముంచి, పైకెత్తి చూపించాడు. నూనె గీతకి చాలా పైకుంది.

"ఎక్కువ పోశారు. నురగొచ్చి మళ్లీ పాడవుతుంది. రెండు లీటర్లు తీసెయ్యాలి," అన్నాడు.

ఇంజిన్ ఆగే ఉంది. గేర్‌బాక్స్ నూనెని ఇంజిన్ తిరుగుతుండగానే కొలవాలి. ఆపితే పైనున్నదంతా కిందికి దిగి ఎక్కువగా కనిపిస్తుంది. ఉన్న నూనె సరిపడానే ఉంది, అందులో రెండు లీటర్లు తీస్తే గేర్‌బాక్స్ దారిలోనే కాలిపోతుంది. ఎడారిలో కారు నడిపేవాళ్లకి ఇది వెన్నతో పెట్టిన విద్య. మెకానిక్ కూతురికి తెలియకుండా ఉంటుందా? టీగ్ డిప్‌స్టిక్ అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

డోర్న్ ఆమెవైపు చూశాడు. వెస్నా కళ్లద్దాలు పైకెత్తి డిప్‌స్టిక్ మీదకి వంగింది. కదలని ఇంజిన్ వైపు కూడా ఓసారి చూసింది.

"నిజమే," అంది. "తీయించు."

టీగ్ గొట్టం దించి నూనె లాగేశాడు. ఈమెకి నిజంగానే పని రాదా, లేక తననేదో ఉచ్చులోకి లాగుతోందా అన్నది మాత్రం అతనికి అంతుపట్టలేదు.

కారు నూట ఇరవైలో దూసుకుపోయింది. ముందు సీట్లో టీగ్, అతని మెడకి ఆనించి వెనక సీట్లోంచి డోర్న్ పిస్తోలు, స్టీరింగ్ దగ్గర వెస్నా. డెబ్బై కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేదు. టీగ్ ఆశ వదులుకున్నాడు. మూడూ యాభై ఆరుకి రన్‌వే మీద విమానం కనిపించింది, ప్రొపెల్లర్లు తిరుగుతున్నాయి. రన్‌వేకి ముందు మిగిలింది ఒక్క మిట్ట. ఇంజిన్ గావుకేక పెట్టింది, కారు మాత్రం ముందుకి కదలడం మానేసింది. కాలిన వాసన గుప్పుమంది.

డోర్న్ ముందుకి వంగి గేరు లివర్ వైపు చూశాడు. ఆ ఒక్క క్షణంలో వెస్నా అతని మణికట్టు మెలిపెట్టింది, పిస్తోలు ఆమె చేతికొచ్చింది. సరిగ్గా నాలుగింటికి విమానం వాళ్ల నెత్తిమీదుగా ఖాళీగా వెళ్లిపోయింది.

టీగ్ డోర్న్ చేతులు కట్టేశాడు. నెల రోజులు చీఫ్‌కి జవాబెందుకు ఇవ్వలేదని అడిగాడు. వీడు నిద్రలో కూడా తన పక్కనుంచి కదలనివ్వలేదంది వెస్నా.

తర్వాత స్కార్ఫుతో చెమట తుడుచుకుంది.

"ఇంజిన్ ఆపి గేర్‌బాక్స్ నూనె చూసేవాడికి మా నాన్న షెడ్డులో చీపురు కూడా ఇచ్చేవాడు కాదు."