ఒక్క మడమ ఆలస్యం

మా కుట్టుగది పైనున్న డాన్స్ హాలుకి పేరు మంచిది కాదు. ముందు వరస మధ్యలో ఒంటరిగా నిలబడితే పక్కన ఇంకెవరో నిలబడతారని అక్కడి పిల్లలే గుసగుసలాడుకుంటారు. నాకా, దెయ్యాల మీద నమ్మకం లేదు. బతికున్నవాళ్లతోనే వేగలేక చస్తున్నాను. ఇది అక్కడే డాన్స్ నేర్చుకునే మా అక్క కూతురు చెప్పింది... చెప్పినట్టే చెబుతున్నా.

అక్కడి టీచరమ్మది వింత పద్ధతి. గోడవైపు తిరిగి కూర్చుని పాదాల చప్పుడు మాత్రమే వింటుంది. చూస్తే మొహానికి మార్కులేస్తామట! మా పిల్లని ముందు వరస మధ్యలో నిలబెట్టాలని ఆవిడకీ ఉంది. కానీ ఎగిరి దిగేటప్పుడు రెండు మడమలూ ఒక్కసారే నేలకి తగలాలి. మా పిల్లకి ఎడమది రవ్వంత ఆలస్యమవుతోందట. శుక్రవారానికి సరికాకపోతే వెనక వరసే అంది. ఆరేళ్ల కష్టం ఆ మడమ దగ్గర ఆగిపోయింది.

ఇంకేముంది, రోజూ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఇదొక్కతే ఎగరడం. రెండొందల సార్లు, మూడొందల సార్లు... మడమ వాచి చెప్పు పట్టేది కాదు. మిషన్ ముందు కూర్చుంటే నాకూ వినిపించేది — ధన్... వెనకాలే ఇంకో చిన్న ధన్. కాలు విరగ్గొట్టుకుంటావే అని తిట్టాను. వింటేగా! ఏడుపు దిగమింగుకుని మళ్లీ మెట్లెక్కేది.

గురువారం ఫోన్ గోడకి ఆనించి తన పాదాల్ని వీడియో తీసుకుంది. నెమ్మదిగా ఆడించి చూసింది. రెండు మడమలూ ఒక్కసారే దిగాయి. మళ్లీ చూసింది... ఒక్కసారే.

కానీ వీడియోలో ఆ రెండో చప్పుడు కూడా ఉంది.

పారిపోదామంటే తెల్లారితే శుక్రవారం. ఆ చప్పుడు పోకపోతే తన చోటు పోతుంది. పక్కనున్న ఖాళీ వైపు తిరిగింది.

"అక్కా... ఎడమ మోకాలు ముందే వంచుతున్నావు, అందుకే మడమ ఆలస్యం. నాతోపాటు దిగు."

ఆ సాయంత్రం పైన చాలాసేపు ఎగిరారు. ఎగిరారు అన్నానా... ఎగిరింది.

శుక్రవారం టీచరమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. మా పిల్ల ఒక్కతే మధ్యలో నిలబడి ఎగిరింది.

ధన్. ఒక్కటే.

టీచరమ్మ చేతిలో కర్ర కింద పడింది. వెనక్కి తిరగలేదు.

"ఇద్దరూ కలిసి దిగారు," అంది మెల్లగా. "ఆలస్యంగా దిగే ఆ మడమ కోసమే మా అమ్మాయిని వెనక వరసలోకి పంపాను. ఇరవై ఏళ్లయింది. ఆ రోజు హాల్లోంచి వెళ్లింది... ఇంటికి రాలేదు."

మర్నాడు ఆవిడే నా గదికొచ్చింది. ముందు వరస మధ్యకి రెండు డ్రెస్సులు కుట్టమంది. ఒకటి మా పిల్లకి. మరి రెండోదానికి కొలతలో అని అడిగాను.

కాగితం చూడకుండా, ఎక్కడా తడుముకోకుండా, భుజం దగ్గర్నుంచి చీలమండ దాకా అన్నీ చెప్పింది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. రెండూ కుట్టిచ్చాను.