నమ్మకమైన సప్లై

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయన్నది పెందలాడే పడుకునేవాళ్ళు పుట్టించిన మాట. ఇంటెడు చాకిరీ చేసే ఆడదానికి దెయ్యాన్ని పలకరించే తీరికైనా ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి వరకే. సప్లైఅక్కకి అది ఆ వేళకే వచ్చింది.

సప్లైఅక్క అసలు పేరు షాపులో ఎవరికీ గుర్తులేదు. అది కంప్యూటర్లు బాగుచేసే షాపు. ముందువైపు అద్దాల గదిలో మగ మెకానిక్కులు రంగురంగుల లైట్లున్న గ్రాఫిక్స్ కార్డులు బిగించి, కస్టమర్లతో ఫొటోలు దిగుతారు. వెనక, కిటికీ లేని గదిలో అక్క పవర్ సప్లైలు పరీక్షిస్తుంది. గోడలోని కరెంటు తీసుకుని, కంప్యూటర్లో ఎవరికెంత కావాలో అంత వడ్డించే ఇనప డబ్బా అది. దాన్నెవరూ ఫొటో తియ్యరు. పాడైతే తప్ప అదొకటి ఉందని కూడా ఎవరికీ తెలీదు.

"మా ఇంట్లో నేనున్నట్టు," అనేది అక్క. మెకానిక్కులు నవ్వేవాళ్ళు. అక్క నవ్వేది కాదు.

ఆవిడ పరీక్ష పద్ధతి ఒక్కటే. సప్లై తీగల చివరున్న పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ ఒక జడపిన్నుతో కలుపుతుంది. ఆ రెండూ కలిస్తే చాలు, కంప్యూటర్ లేకపోయినా సప్లై లేచి పని మొదలుపెడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. మీటరుతో వోల్టులు చూసుకుని, పిన్ను లాగి మళ్ళీ జడలో గుచ్చుకుంటుంది. రోజుకి ముప్పైసార్లు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది.

గేములాడే కంప్యూటర్లు కస్టమరుకి ఇచ్చే ముందు కాసేపు ఆట నడిపి చూడాలి. అలా ఒకరోజు ఒక ఆట తగిలింది. తుపాకుల్లేవు, పరుగుల్లేవు. ఖాళీ సముద్రపు ఒడ్డు. దాని వెంట నడుచుకుంటూ పోవడమే. ఎంత దూరం వెళ్ళినా మనిషి కనపడడు. ఎవరూ పిలవరు. అక్క ఆ రోజు పది నిమిషాల పరీక్ష గంటన్నర చేసింది.

అప్పట్నుంచీ ఇంట్లో తనకంటూ ఒక గేమింగ్ కంప్యూటర్ కూర్చడం మొదలుపెట్టింది. రెండేళ్ళు పట్టింది. ఒకసారి డబ్బా, ఒకసారి బోర్డు, ఒకసారి ఎవరో అంచు విరగ్గొట్టి వదిలేసిన కార్డు.

"నలభై ఆరేళ్ళకి ఆటలేమిటే? రేపు బొమ్మలతో కూడా ఆడతావా?" అన్నాడు మొగుడు, సోఫాలోంచి కదలకుండా.

"బొమ్మతో ఇరవై రెండేళ్ళుగా కాపురమే చేస్తున్నానుగా," అంది అక్క.

కాలేజీలో చదివే కూతురు పడీపడీ నవ్వింది. ఆ పిల్ల జుట్టు ఎప్పుడూ విరబోసుకునే ఉంటుంది. పిన్నంటే పడదు. తాగిన కప్పు తాగినచోటే వదిలేస్తుంది. "దానికేం నేర్పావు?" అని చుట్టాలు అడిగితే, "ఏమీ నేర్పకపోవడమే నేర్పాను" అనేది అక్క. తన బతుకులో తాను గెలిచిందంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. ఈ ఇంటికి సప్లై తనతో ఆఖరు.

ఇక కంప్యూటర్‌కి మిగిలింది పవర్ సప్లై. అక్కడే ఆగింది. లోకానికంతా సప్లై చూసిపెట్టే మనిషికి తన సప్లై కుదరలేదు.

మొగుడు ఎవరో స్నేహితుడి దగ్గర్నుంచి బంగారు అక్షరాల సప్లై పెట్టె ఒకటి తెచ్చాడు. అక్క చేత్తో ఎత్తి చూసింది. దూదిపింజలా ఉంది. పైన పటారం, లోన లొటారం. "లోడు పడ్డ రోజున ఇది తాను పోతూ మిగతావాటిని కూడా తీసుకుపోతుంది," అని పక్కన పెట్టేసింది. ఇంకొకటి బరువుగానే ఉంది. కన్నాల్లోంచి టార్చి వేసి చూస్తే, బరువు కోసం లోపల అతికించిన ఇనప ముక్క కనపడింది.

ఆ శనివారం ఒక పెద్దాయన పాత కంప్యూటర్ తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు.

"దీన్ని విప్పుకుని వాడుకోండమ్మా. మా ఆవిడది. పోయిన నెల పోయింది."

"అయ్యో. ఏం చేసేవారండీ?"

"ఇంట్లోనే కూచుని చేసే టైపింగు పని. పదకొండేళ్ళు. ఒక్క రోజు ఆగలేదు."

"మెషీనా?"

ఆయన డబ్బా మీద దుమ్ము తుడిచాడు. "రెండూనూ."

విప్పితే సప్లై కనెక్టర్లో అప్పటికే ఒక జడపిన్ను గుచ్చి ఉంది. నల్లరంగు పోయి ఇనుము తేలింది.

"ఆన్ చేసే బటన్ పాడైందని ఆవిడే పెట్టుకుంది," అన్నాడు పెద్దాయన. "అక్కడే ఉండేది ఎప్పుడూ. కాదు కాదు... తలలో ఉండేది. ఏమో, గుర్తులేదు."

అక్క సప్లైని మీటరుకి కలిపింది. పన్నెండు వోల్టులంటే పన్నెండే. ముల్లు వణకలేదు. పదేళ్ళు దాటిన సప్లై ఎంత మంచిదైనా ముట్టుకోవద్దని కస్టమర్లకి చెప్పేది తనే. లోపలి సరుకు ముసలిదైపోయి చెప్పాపెట్టకుండా పోతుందనేదీ తనే. కానీ ఆ సాయంత్రానికి అక్క బాగా అలిసిపోయి ఉంది. చేతిలో ఆ బరువు నిండుగా, నిజంగా ఉంది. ఇంత నమ్మకమైనది మళ్ళీ దొరకదనిపించింది.

కనెక్టర్లోని పాత పిన్ను లాగింది. చెయ్యి దానంతటదే జడ వైపు వెళ్ళింది.

గుచ్చుకుంది.

మర్నాడు ఆదివారం సప్లై బిగించింది. కంప్యూటర్ లేచింది. రెండు గంటలు సముద్రపు ఒడ్డున నడిచింది అక్క. ఇంతకంటే ఏం కావాలనుకుంది.

సోమవారం నుంచి మొదలైంది. అలుపు ఉంది, ఆగడం లేదు. షాపు నుంచి వచ్చి వంట చేసేది, గిన్నెలు తోమేది. తోమిన గిన్నెలు మళ్ళీ తోమేది. నడుం విరిగిపోతున్నా చేతులు పని వెతుక్కునేవి. మంచమెక్కితే కన్ను మూతపడదు. చెవిలో సన్నగా, ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.

"ఈమధ్య భలే హుషారుగా ఉన్నావే," అన్నాడు మొగుడు మెచ్చుకోలుగా.

తర్వాతి ఆదివారం పొద్దుట్నుంచీ వాన. మధ్యాహ్నానికే ఇల్లంతా చీకటి పడినట్టయింది. తడి గోడల వాసన. మొగుడు పక్కగదిలో గుర్రు పెడుతున్నాడు. అక్క కంప్యూటర్ ముందు కూచుని సముద్రం ఒడ్డున నడుస్తోంది.

టప్పున కరెంటు పోయింది. పంకా ఆగింది. ఫ్రిజ్ ఆగింది. వీధి మొత్తం చల్లబడింది.

తెర మీద అలలు ఆగలేదు.

అక్క వంగి, గోడలోంచి ప్లగ్గు పీకేసింది. ప్లగ్గు చేతిలో ఉంది. తెర వెలుగుతూనే ఉంది. సప్లైలో కరెంటు కాసేపు నిలవుంటుంది. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు? కొన్ని క్షణాలు. లెక్కపెట్టింది. పది... ఇరవై... అరవై...

కాలిన దుమ్ము వాసన వచ్చింది. దాంతోపాటు వెంట్రుక కమురు వాసన.

అప్పుడు ఒడ్డు మీద ఎవరో కనపడ్డారు. ఆ ఆటలో మనుషులుండరు. అయినా ఒక ఆడమనిషి. వీపు ఇటు తిప్పి, కాళ్ళు చాపుకుని ఇసుకలో కూచుంది. జుట్టు వీడిపోయి ఉంది. స్పీకర్‌లోంచి చాలా మెల్లగా ఒక్క మాట...

"అమ్మయ్య."

అక్క చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. పిన్ను వేడిగా ఉంది. సగం లాగింది. తెర మసకబారింది. గుండె, వేళ్ళు, ఊపిరి... అన్నీ ఒక్కసారే ఆగబోయాయి. గబుక్కున లోపలికి నెట్టింది.

ఫ్యాన్ తిరిగింది.

ఈ పిన్ను మొగుడి తలలో గుచ్చుదామన్నా నిలవదు. అలాంటివి మగవాళ్ళ నెత్తికి ఎక్కవు. ఆ పరిస్థితిలోనూ అక్కకి నవ్వు రాబోయింది. కుర్చీలోనే తల బల్ల మీద వాల్చింది.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. వారం రోజుల్లో మొదటి నిద్ర. రాయిలాంటి నిద్ర. మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"అమ్మయ్య..."

అది స్పీకర్‌లో విన్న మాటే. మెడ వెనక తడుముకుంది. పిన్ను లేదు. జుట్టు వీడిపోయి ఉంది.

కరెంటు ఇంకా రాలేదు. వంటింట్లోంచి చప్పుడు. గిన్నెలు తోముతున్న చప్పుడు. ఆపకుండా.

ఈ ఇంట్లో తను కాక గిన్నె తోమేవాళ్ళెవరు?

చీకట్లో గోడ పట్టుకుని వెళ్ళింది. కూతురు సింకు ముందు నిలబడి ఉంది. జుట్టు నున్నగా దువ్వి ముడి వేసి ఉంది. ముడిలో పిన్ను.

"అమ్మలూ... ఏం చేస్తున్నావే?"

"నువ్వు పడుకో అమ్మా. పాపం, పిన్ను గుచ్చుకుంటోందని తీసి పెట్టుకున్నాను." తల తిప్పకుండానే అంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. "నాకేం అలుపు లేదు."

"ఇచ్చెయ్. నాది నాకిచ్చెయ్, బంగారూ." అక్క గుసగుసగా అంది. లాగితే ఏమవుతుందో తెలుసు. చెయ్యి ముందుకు చాచి గాలిలోనే ఆపేసింది. "లాగకు. మెల్లగా... నా తలలోకి మార్చు. పిల్లవి, నీకెందుకే ఇది?"

కూతురు అప్పుడు ఇటు తిరిగింది. ముఖంలో పదకొండేళ్ళ అలసట ఉంది.

"నీది నీ తలలోనే ఉందిగా అమ్మా."

అక్క చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. జుట్టు ముడి వేసి ఉంది. ముడిలో అదే అరిగిన పిన్ను, వేడిగా.

కూతురి ముడిలోదీ అక్కడే ఉంది. రంగు పోయి, ఇనుము తేలి.

ఆ శనివారం కనెక్టర్లో ఉన్నది ఒక్కటే పిన్ను. అక్కకి బాగా గుర్తు. ఒక్కటే.