గది గాలి పాడిన చరణం

“ఈసారి నీ పేరు తప్పకుండా వేస్తానమ్మా. ఇది నా మాట.”

ఈ మాట ఎవరు ఎవరితో అన్నారో కాసేపట్లో చెబుతాను. అన్న మనిషి మాత్రం ఎప్పుడో మరిచిపోయాడు. మరిచిపోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

ముందు ఆ గది సంగతి వినండి.

ఆ రికార్డింగ్ స్టూడియోలో మెట్లు దిగి నడవ చివరిదాకా వెళితే, గొంతులు రికార్డు చేసే చిన్న గది ఒకటుంది. గోడలన్నిటికీ స్పాంజి పలకలు. కిటికీ లేదు. తలుపు మూస్తే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. రాత్రిపూట అక్కడ ఒకావిడ పాడుతుందని చెప్పుకునేవారు. ఒకప్పుడు ట్రాక్ సింగర్‌గా వచ్చేదట... అంటే, పేరున్న గాయని విని నేర్చుకోవడానికి ముందుగా నమూనా పాడిపెట్టే మనిషి. ఒక్క పాటకైనా నా పేరు వేయండి అని అడిగీ అడిగీ, ఆ గదిలోనే గుండె ఆగి పోయిందట.

అట... అట... అన్నీ అటలే. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు.

అయినా భయం భయమే. డ్రమ్ములు వాయించే ఆయన కర్రలు పట్టుకుంటే మేడ మొత్తం అదిరేది. అంతటి మనిషీ ఆ నడవలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. వయొలిన్ ఆయన ఒకసారి కమాను లోపల మరిచిపోయి, తెల్లారేదాకా మెట్ల మీద కూర్చున్నాడు గానీ తలుపు తీయలేదు.

అలాంటి చోట సౌండ్ ఇంజనీరుగా చేరాడు మా బావ. ఇదంతా ఆయన చెప్పగా విన్నదే.

బావకు ఒక అలవాటు. మైకు పెట్టేముందు ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవితో వాయిద్యం చుట్టూ పిల్లిలా తిరుగుతాడు. శబ్దం ఎక్కడ నిండుగా వినిపిస్తే అక్కడే మైకు. ఇంట్లో కుక్కర్ చుట్టూ కూడా ఇలాగే తిరుగుతాడనీ, విజిళ్ళు ఎన్ని వచ్చాయో మాత్రం చెప్పలేడనీ మా అక్క ఫిర్యాదు.

స్టూడియో యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. ‘కళాకారులంతా ఒకే కుటుంబం’ అని ఆయన ప్రతి వేదిక మీదా చెప్పేవారు. నేను చూసినంతలో, పని చేయించుకుని పేరు ఎగ్గొట్టే ప్రతివాడూ ముందు కుటుంబం అనే అంటాడు.

ఒక రాత్రి స్టార్ గాయని వచ్చింది. వీధిలో హారన్లు సద్దుమణిగాక గానీ ఆవిడ పాడదు. బావ మైకు అమర్చగానే పెద్దసారు ఆయన్ని బయటికి పంపేశారు, మేడమ్‌కు సిగ్గట. వేలమంది ముందు, కెమెరాల ముందు లేని సిగ్గు, ఒక్క మైకు ముందు.

అంతా అయ్యి కారెక్కబోతూ పెద్దసారు బావకు పని అప్పగించారు. మేడమ్ గొంతులో ఊపిరి చప్పుళ్ళు శుభ్రం చేయాలి. స్టూడియోలో ఒక్కో గొంతూ, ఒక్కో వాయిద్యమూ విడివిడిగా ఉంటాయి, ఏది కావాలంటే అది మూసేయొచ్చు. అయితే ‘గది గాలి’ అని పేరు పెట్టి ఉన్నదాని జోలికి మాత్రం వెళ్ళొద్దన్నారు.

“అది ఆ గది వాతావరణమయ్యా. అది తీస్తే పాటకు ప్రాణం పోతుంది.”

బావ ఒక్కడే మిగిలాడు. మిగతావన్నీ మూసేసి, మేడమ్ గొంతు ఒక్కటే పెట్టుకున్నాడు. పల్లవి అయిపోయింది... ఒక ఊపిరి... తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో — ఇంకెవరో పాడుతున్నారు.

సన్నగా. చాలా దూరంగా. గోడ లోపలినుంచి వస్తున్నట్టు... ఆడగొంతు.

బావ పాట ఆపాడు. ఆపి, మళ్ళీ విన్నాడు. అదే చోట, అదే గొంతు. అన్నీ తెరిచి, పాటను నడుస్తుండగానే వదిలేసి, నడవలోకి వచ్చాడు. చెప్పులు చేతిలోకి ఎప్పుడు వచ్చాయో ఆయనకే తెలియదట.

తలుపు తోశాడు. చీకటి. స్విచ్ ఎక్కడుందో తట్టలేదు. ఆ చీకట్లో... పాట.

పారిపోవలసిన మనిషి, అలవాటు కొద్దీ ఒక చెవి మూసుకున్నాడు. రెండో చెవితో గొంతు ఎక్కడినుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాడు. దెయ్యానికి మైకు అమరుస్తున్నట్టు ఒక్కో అడుగూ వేస్తున్నాడు. దగ్గరవుతోంది... ఇంకా దగ్గర...

మెత్తగా ఏదో చెంపను తాకింది.

 చేత్తో తడిమాడు. మైకు స్టాండుకు వేలాడుతున్న హెడ్‌ఫోన్. గొంతు అందులోంచే వస్తోంది.

బావకు నవ్వొచ్చింది. పాడేవాళ్ళు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని రెండోది వదిలేస్తే, అందులో మోగేదంతా కారి మైకులో పడుతుంది. స్టూడియోలో అందరూ భయపడి చచ్చిన దెయ్యం ఇంతేనా అనుకుని, చెప్పులు తొడుక్కుని దర్జాగా వెనక్కి వచ్చాడు.

కుర్చీలో కూర్చున్నాక అసలు అనుమానం తగులుకుంది. సరే, హెడ్‌ఫోన్‌లోంచి కారింది... మరి హెడ్‌ఫోన్‌లో పాడుతున్నది ఎవరు?

గిటారు మూశాడు. గొంతు ఉంది. వయొలిన్ మూశాడు. ఉంది. డ్రమ్ములు మూశాడు. ఇంకా ఉంది. చివరికి ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకున్నాడు — ‘గది గాలి’ మూసేశాడు. వాయిద్యాలు తెరిచి, పాట మొదటినుంచీ పెట్టాడు.

పల్లవి మేడమ్ పాడింది. చరణం వచ్చింది. వాయిద్యాలు మోగుతున్నాయి, మైకులో కారిన సన్నటి శబ్దం వాటిలో మునిగిపోయింది... పాడే గొంతు లేదు. గొంతు ఉండాల్సిన చోట ఏదో టిక్ టిక్ అంటోంది. మేడమ్ ఫోన్‌లో మెసేజ్ కొట్టుకుంటున్న చప్పుడది.

దెయ్యం పోయింది. పాట కూడా పోయింది.

అప్పుడు బావ ‘గది గాలి’ ఒక్కటే తెరిచి విన్నాడు. ఏ గాలీ కాదు. నిండైన ఆడగొంతు, పై స్థాయిలో కూడా ఎక్కడా వణకని గొంతు. చరణాలన్నీ అదే పాడింది. పాట ముగిసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత, చెవి పక్కనే అన్నట్టు, చిన్న దగ్గు...

“అయిందా సార్? ఏసీ వేసుకోవచ్చా? చెమటలు కారిపోతున్నాయి.”

చెమట పట్టే దెయ్యం. దానికి జవాబుగా, ఆవిడ హెడ్‌ఫోన్‌లోంచి కారి మైకులో పడ్డ మగగొంతు, సన్నగా, అయినా స్పష్టంగా — “చివరి చరణం ఇంకొక్కసారి పాడు. ఈసారి నీ పేరు తప్పకుండా వేస్తానమ్మా. ఇది నా మాట.”

పెద్దసారు గొంతు. ఫైలు మీద తేదీ చూస్తే, రికార్డు చేసింది మొన్న మంగళవారమే.

మర్నాడు బావ పగలే వెళ్ళి, జనరేటర్ పక్కన, ఎవరి కంటా పడని వెనక తలుపు దగ్గర కాపు కాశాడు. గొడుగూ టిఫిన్ డబ్బా పట్టుకుని, నడివయసు దాటిన ఒకావిడ గోడవారగా వచ్చింది. ఈయన్ని చూసి ఆవిడే ముందు దడుచుకుంది. ఎవరికీ కనబడకుండా రమ్మన్నారట.

“పిన్నీ, మీరు చనిపోయారని అందరూ చెప్పుకుంటున్నారు,” అన్నాడు బావ, గొంతు తగ్గించి.

“తెలుసు బాబూ. పెద్దసారే చెప్పారు. దెయ్యం ఉందంటే ఎవరూ ఇటు రారు, నువ్వు ప్రశాంతంగా పాడుకోవచ్చమ్మా అన్నారు.”

ఒకసారి ఇంట్లో పాట మోగుతుంటే, అది నా గొంతేనని కూతురితో చెప్పిందట. కూతురు ఫోన్‌లో చూసింది. మేడమ్ పేరుంది. తల్లికి వయసు మీద పడిందనుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాక పిల్ల భయం ఇంకా పెరిగింది.

“నా పేరు ఒక్క పాట మీద కనబడితే చాలు. నా కూతురు నమ్ముతుంది,” అంది ఆవిడ. అని, టైమైందంటూ తన సమాధిలోకి తాను వెళ్ళిపోయింది.

బావ పెద్దసారును నిలదీశాడు. ఆయన నడవ వైపు ఒకసారి చూసి, చెవిలో గుసగుసగా చెప్పారట.

“అక్కడున్నది దెయ్యమయ్యా. దెయ్యానికి ఎవరైనా పేరు వేస్తారా?”

బతికున్న మనిషిని చంపడానికి ఇంత చవకైన పద్ధతి ఇంకొకటి లేదు. కత్తి అక్కర్లేదు, ఒక పుకారు చాలు. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాసిన నినాదాలు చదివి పెరిగాను నేను. పాడినవాళ్ళదే పాట అని రాయడానికి ఆ స్పాంజి గోడలే దొరికాయి. చీకటి మీద తిరుగుబాటు, దీపం వెలిగించడంతోనే మొదలవుతుంది, స్విచ్ ఎక్కడుందో ఇప్పుడు బావకు తెలుసు.

పెద్దసారూ, ఆ పాట ఇంకా విడుదల కాలేదు. దాని మీద ఆవిడ పేరు వేస్తారా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి. వేయనంటే, దెయ్యాన్ని తీసేసి మిగిలిన పాటను మీ స్టూడియో ముందే జనానికి వినిపిస్తాం. టిక్ టిక్‌తో సహా.

మీ జవాబుకు గడువు, బాకీల లెక్కలన్నీ తేల్చే రోజు, మార్చి ముప్పై ఒకటి.