రెండో టబ్బు నీళ్ళు

మధ్యాహ్నం గంట కొట్టి అరగంట అయింది. నల్లబండ హైస్కూలు వరండాలో నూట ఎనభై మంది పిల్లలు ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. అన్నం రాలేదు. పప్పు వాసన కూడా రాలేదు.

ఆరో తరగతి పిల్లలు ప్లేట్ల మీద దరువు వేస్తున్నారు. ఖాళీ ప్లేటుతో అంతకంటే ఏం పని ఉంటుంది?

వంటగది ముందు లక్ష్మక్క నిలబడి ఉంది. పదేళ్ళుగా ఈ బడిలో వంట చేసేది ఆమే. ఆమె పక్కన మూడు నీలం డ్రమ్ములు. రెండింటిలో చుక్క లేదు. మూడోదాన్ని పొద్దుటి నుంచి పిల్లలు తాగి తాగి అడుగుకు తెచ్చారు.

"నిన్న మూడూ నిండుగా ఉండినాయి మేడం. మూతలు పెట్టి పోయినా. పొద్దున వచ్చి సూస్తే రెండు ఖాళీ. ట్యాంకరు పదికి వస్తాది గదా అని కాసుకున్యా. టైరు పగిలిందని ఇప్పుడు ఫోన్ చేసినాడు," అంది లక్ష్మక్క.

"రెండు డ్రమ్ముల నీళ్ళు ఊరికే యాడికి పోతాయి లక్ష్మక్కా? డ్రమ్ములు కారుతాన్నాయేమో చూసుకోవద్దా? పిల్లలకు ఇప్పుడు ఏం పెడతావు?" అంది హెచ్.ఎం. సుజాత మేడం. ఆమె గొంతు వరండా చివరిదాకా వినిపించింది.

ఎనిమిదో తరగతి అర్చన తల వంచుకుంది. ఆమె కాలిగోళ్ళలో నిన్నటి ఎర్రమట్టి ఇంకా ఎండిపోయి ఉంది.

అర్చన బాలికల కబడ్డీ జట్టుకు కెప్టెన్. జట్టులో సరిగ్గా ఏడుగురే. ఎనిమిదో మనిషి కావాలంటే లక్ష్మక్కనే దింపాలి. ఇంకో రెండు వారాల్లో ఈ గ్రౌండులోనే మ్యాచ్ ఉంది. కంబదూరు వైపు నుంచి ఒక జట్టు వస్తోంది. అందులో గెలిచినవాళ్ళు జిల్లా పోటీలకు పోతారు.

కానీ ఆ కోర్టు సంగతి కూడా చెప్పాలి. పేరుకు మట్టి, తీరుకు బండ. పడితే మోకాలి తోలు అక్కడే ఉండిపోతుంది. మొన్న మల్లీశ్వరికి రెండు మోకాళ్ళూ చిట్లాయి. ప్రత్యర్థి కాళ్ళు ఒడిసిపట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ రత్నమ్మ నేరుగా బడికి వచ్చింది.

"ఇంకొక్కసారి నా బిడ్డ మోకాలి మీద నెత్తురు కనపడితే కబడ్డీ లేదు, గిబడ్డీ లేదు," అని చెప్పి పోయింది.

మల్లీశ్వరి లేకపోతే ఆరుగురు. ఆరుగురితో జట్టు లేదు, మ్యాచ్ లేదు.

అందుకే నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక, అర్చన జట్టు బకెట్లు తీసుకుని మట్టి మెత్తబడాలని రెండు డ్రమ్ముల నీళ్ళు కోర్టు మీద కుమ్మరించింది. "రేపు పొద్దున ట్యాంకరు వస్తాది గదప్పా," అంది అర్చన. రాకపోతే? ఆ మాట ఒక్కరూ అడగలేదు.

వరండాలో దరువు ఆగిపోయింది. ఆరో తరగతి పిల్లలకు ఓపిక అయిపోయింది. ఒక చిన్నది ప్లేటు మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

అర్చన లేచి నిలబడింది.

"మేడం, లక్ష్మక్క తప్పు లేదు. నీళ్ళు నేనే పోయించినా. కబడ్డీ కోర్టుకు."

లక్ష్మక్క అర్చన వైపు తిరిగింది.

"అన్నం నీళ్ళు నేలకు పోసినావా తల్లీ?" అంది.

నాలుగు దెబ్బలు వేసినా అర్చనకు అంత బాధ కలిగేది కాదు.

పీఈటీ ఓబులేసు సార్ అర్చనను పిలిచాడు. "రా. రెండు డ్రమ్ములు తాగిన కోర్టును సూసొద్దాం."

కోర్టు ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది. నీళ్ళు పడిన జాడే లేదు. సార్ గడ్డపార తీసుకుని ఒక్క పోటు పొడిచాడు. ఖంగుమంది.

"మీ నాయన ఏం పంట పెడతాడు?"

"శెనక్కాయ సార్."

"దున్నకుండా ఇత్తనం ఏస్తాడా?"

"ఏయడు సార్."

"మరి దున్నని నేలకు నీళ్ళు పోస్తే ఏమైతాది? మొగం కడిగినట్లు ఉంటాది. అంతే."

అర్చనకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే వంటగదికి పోయి రెండు బిందెలు తీసుకుంది. మల్లీశ్వరి, మిగతా ఐదుగురు కూడా వచ్చారు. లక్ష్మక్క ముందు నడిచింది. బాలప్ప తోటలో బోరు అర కిలోమీటరు దూరం. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు సార్లు తిరిగారు. మూడోసారికి అర్చన నడుము పట్టేసింది. బిందె దించితే మళ్ళీ ఎత్తలేనని భయపడి దించకుండానే వచ్చింది.

రెండున్నరకు అన్నం ఉడికింది. లక్ష్మక్క అర్చన ప్లేటులో పప్పు వేస్తూ, "తిను. మోసినావు గదా," అంది. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఒక గరిటె ఎక్కువే వేసింది.

తిన్నాక పిల్లలు ప్లేట్లు కడుక్కున్నారు. అర్చన చూస్తూ నిలబడింది. ఒక్కో చెంబు నీళ్ళు బండ మీద పడి, కాలువలోకి జారి, గోడ పక్క కంపచెట్ల కిందికి పోతున్నాయి. అవి తాను మోసిన నీళ్ళు. అంత ఎండలో కంపచెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"మల్లీ, వంటగదిలో పెద్ద టబ్బు ఉండాదా?" అంది అర్చన.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. అర్చన మాత్రం డ్రమ్ముల వైపు పోలేదు. పిల్లలందరి చేతా టబ్బులోనే ప్లేట్లు కడిగించింది. ఆ నీళ్ళు మోసి కోర్టులో పోసింది. ఆ పై రోజు కోర్టు నిండా చీమలు. పైగా పప్పు వాసన.

వాలీబాల్ కెప్టెన్ సందీప్ ముక్కు మూసుకున్నాడు. "ఏమప్పా, కోర్టుకు తాలింపు కూడా పెట్టినారా?" అన్నాడు. అందరూ నవ్వారు. చీమ కుట్టిన మల్లీశ్వరి మాత్రం నవ్వలేదు.

ఉపాయం లక్ష్మక్క చెప్పింది. ఆమె రెండు టబ్బులు తెచ్చి పక్కపక్కన పెట్టింది. రెండోదాని మూతికి వడపోతకు తన పాత చీర ముక్క కట్టింది.

"మొదటి కడుగు దీంట్లో. ఇది నా ఎనుముకు కుడితి. రెండో కడుగు దాంట్లో. అది నీ కోర్టుకు. మా ఎనుమూ బతకల్ల, మీ ఆటా బతకల్ల."

అప్పటినుంచి రోజూ అదే పని. పొద్దున ప్రార్థనకు ముందు అరగంట గడ్డపారలతో తవ్వడం, రాళ్ళు ఏరడం. మధ్యాహ్నం రెండో టబ్బు మోయడం. అర్చన నాయన హనుమంతరాయుడు రెండు మూటల శెనక్కాయ పొట్టు ఇచ్చాడు. దాన్ని మట్టిలో కలిపారు. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కరూ మానలేదు.

నాలుగో రోజు సందీప్ తన జట్టుతో వచ్చాడు. "మా నెట్టు కింద కూడా ఇట్లే ఉండాది. నీళ్ళు మిగిలితే మాకూ పోస్తారా?"

"ముందు తవ్వు. తర్వాత అడుగు," అంది మల్లీశ్వరి. సందీప్ గడ్డపార అందుకున్నాడు.

మ్యాచ్ శనివారం పదకొండు గంటలకు. గురువారం, శుక్రవారం బడికి సెలవు వచ్చింది. భోజనం లేదు, ప్లేట్లు లేవు, రెండో టబ్బూ లేదు. శనివారం పొద్దునకు కోర్టు మళ్ళీ పైన గట్టిపడింది. కంబదూరు వైపు జట్టు బస్సు దిగింది. రత్నమ్మ కూడా వచ్చి గోడ నీడన కూర్చుంది.

ఓబులేసు సార్ అర్చన దగ్గరికి వచ్చాడు. "ఒక డ్రమ్ము తీసుకోండి. మేడంను అడిగినా, సరే అన్నారు. సాయంత్రానికి ట్యాంకరు వస్తాది."

అర్చన డ్రమ్ము మూత తీసింది. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. బకెట్టు ముంచితే చాలు, పది నిమిషాల్లో కోర్టు తడుస్తుంది. ఆమెకు ప్లేటు మీద చెంప ఆనించిన చిన్నది గుర్తొచ్చింది. మూత మళ్ళీ పెట్టేసింది.

"వద్దు సార్. ట్యాంకరు వస్తాదని నేనూ ఆ పొద్దు అనుకున్యా."

"మరి ఎండిన కోర్టులో మల్లీశ్వరిని ఆడిస్తావా? వాళ్ళమ్మ ఆడనే కూర్చోనుండాది."

"ఆడించను సార్. మ్యాచ్ అన్నం తిన్నాంక పెట్టుకుందాం. వాళ్ళు కూడా మనతోనే తింటారు. అప్పుడు మనకు ఎక్కువ ప్లేట్లు ఉంటాయి."

సార్ నవ్వుకుంటూ అవతలి జట్టు సార్ దగ్గరికి నడిచాడు.

ఒంటిగంటకు రెండు జట్లూ ఒకే వరుసలో కూర్చుని పప్పన్నం తిన్నాయి. అవతలి జట్టు కెప్టెన్ ప్లేటు పట్టుకుని టబ్బుల దగ్గర ఆగింది.

"మెతుకులు దీంట్లో అక్కా. రెండోసారి కడిగేది దాంట్లో," అంది అర్చన.

"దాంతో ఏం చేస్తారు?"

"కోర్టుకు పోస్తాం. మీరు పడితే దెబ్బ తగలకుండా."

"పడేది మీరే లే!" అంటూ ఆమె రెండో టబ్బులో ప్లేటు కడిగింది. టబ్బును కోర్టుదాకా మోయడానికి ఒక చెయ్యి కూడా వేసింది.

మూడింటికి ఈల మోగింది. అవతలి కెప్టెనే మొదట కూతకు వచ్చింది. మల్లీశ్వరి ఒక్క దూకు దూకి ఆమె మడమ పట్టుకుంది. ఇద్దరూ ధబ్బుమని పడ్డారు.

గోడ నీడలో రత్నమ్మ లేచి నిలబడింది. మల్లీశ్వరి మోకాలు ఎర్రగా ఉంది.

మల్లీశ్వరి బొటనవేలితో మోకాలు రుద్దింది. ఎరుపు ఉండలు ఉండలుగా రాలిపోయింది.

"మట్టేనమ్మా!" అని అరిచింది.

రత్నమ్మ మళ్ళీ కూర్చుంది. అర్చన గీత దాటి కూతకు బయలుదేరింది.